పోలయ్య దారిబొమ్మ

ఫాల్గుణం వచ్చిందంటే మా కొత్తరేవు తీరానికి రెండు రకాల జీవాలు వలస వస్తాయి. ఒకటి సముద్రపు తాబేళ్ళు. ఎక్కడెక్కడి నీళ్ళలోనో తిరిగి, తాము పుట్టిన ఇసుకనే వెతుక్కుంటూ వచ్చి, గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఎవరితోనూ పేచీ లేకుండా వెళ్ళిపోతాయి. రెండోది కెమెరాల వాళ్ళు. వీళ్ళు గుడ్లు పెట్టరు గానీ మిగిలిన కంపంతా పెట్టిపోతారు. నీళ్ళసీసాలు, బిర్యానీ పొట్లాలు, సరుగుడు తోట వెనకాల చెప్పుకోలేని అసహ్యాలు. నొప్పులు పడుతున్న తాబేలు మొహం ముందు బోర్లా పడుకుని, దాని కళ్ళలోంచి కారే ఉప్పునీటిని దగ్గరగా ఫోటో తీసి, "ఏడుస్తోంది చూడు, ఎంత బాగా పడిందో" అని ఒకరికొకరు చూపించుకునే మనుషులు వీళ్ళు. పురిటిగదిలోకి తొంగిచూసేవాళ్ళని ఏమంటామో వీళ్ళనీ అదే అనాలి.

ఇంత తిడుతున్నాను గానీ నేనూ కెమెరాదాన్నే. నా పేరు తవిటమ్మ. జాలరి ఇంట్లో పుట్టి, విశాఖపట్నంలో ఫోటోగ్రఫీ నేర్చుకుని, మళ్ళీ ఈ రేవుకే వచ్చాను. ఊరి చివర తాబేళ్ళ పరిశోధన కేంద్రం ఒకటి వెలిస్తే అందులో ఫోటోలు తీసే ఉద్యోగం దొరికింది. దానికి పెద్ద డాక్టర్ పరాంకుశం. తెల్లటి మనిషి, తెల్లటి చొక్కా, ఇసుకలో నడిచినా బూట్లకి ఇసుక అంటనివ్వడు. తవిటమ్మ అని పలకడం ఆయనకి నామోషీ. అందుకని "తవితా" అని పిలిచేవాడు. ఆ పిలుపు వింటే నా పేరుని ఎవరో సబ్బు పెట్టి కడిగినట్టుండేది.

ఆ ఏడు ఆయనో కొత్త కెమెరా తెచ్చాడు. కెమెరా అన్నమాటే గానీ దానికి కటకం లేదు. చేటంత రేకు గొడుగు, గొడుగు లోపల చుట్టలు చుట్టిన రాగితీగ, పక్కన ఒక మందపాటి గాజుపలక. తెల్లవారుతూండగా ఒక తాబేలు గుడ్లు పెట్టడం ముగించి ఇసుక కప్పుకుంటోంది. మా అత్త సూరమ్మ పసుపుగిన్నె, కుంకం భరిణె పట్టుకుని పక్కనే నిలబడింది. పురుడు పోసుకుని వెళ్ళే ఆడపడుచుకి చేసినట్టు, తాబేలు డిప్పకి కాస్త పసుపు రాసి బొట్టు పెట్టి సాగనంపడం మా రేవు ఆడవాళ్ళకి అలవాటు.

"మీ అత్తగారిని కాస్త ఆగమను తవితా," అన్నాడు పరాంకుశం. గొడుగుని తాబేలు తలమీదకి దించాడు. "దీని బుర్రలో ఇనపరజను లాంటిది ఉంటుంది. భూమి పెద్ద అయస్కాంతం కదా, ఇది తిరిగిన ప్రతి చోటూ ఆ రజనులో ముద్ర పడుతుంది. పుట్టిన ఇసుక కూడా. మనం ఒక్కొక్క రేణువునీ తట్టి, నువ్వు ఎటు తిరిగి ఉన్నావని అడుగుతాం."

"తడితే కదిలిపోదా సార్?"

"తెలివైన ప్రశ్న," అని నవ్వి మీట నొక్కాడు.

తీగచుట్టల్లోంచి తుమ్మెద రొద లాంటిది వచ్చింది. తాబేలు మెడ బిగుసుకుంది. గాజుపలక మీద నీలంగా ఒక గీత పుట్టింది, దాని పక్కన ఇంకోటి, వాటిని దాటుతూ మరోటి. కాసేపటికి పలకంతా నిండింది. అది ఈదిన సముద్రాలన్నీ అందులో ఉన్నాయి. లంక చుట్టూ తిరిగిన వంపులు, నడిసముద్రంలో వేసిన సున్నాలు, ఏ మూల నుంచి బయల్దేరినా చివరికి వచ్చి పడిన ఒక్క చిక్కటి చుక్క. ఆ చుక్క మా రేవు. ఉన్న మాట చెప్పాలి, నా ఒళ్ళు పులకరించింది. అంత అందమైన ఫోటో నేను తీయలేదు, తీయలేను కూడా. పరాంకుశం దానికి దారిబొమ్మ అని పేరు పెట్టాడు.

అత్త పసుపు రాసి "ఎల్లిరా తల్లీ" అంది. తాబేలు అలల దాకా పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఇసుక మీదికి వచ్చింది. "అలిసిపోనాది పాపం" అని ఆడవాళ్ళందరూ కలిసి దాన్ని నీళ్ళవైపు తిప్పి పంపారు.

తర్వాత కంపు మొదలైంది. ఎండుచేపల మధ్య పెరిగిన ముక్కులు మావి, అయినా ఆ కంపుకి అన్నం ముద్ద దిగలేదు. వెతుక్కుంటూ పోతే సరుగుడు తోటలో, సముద్రానికి వీపు పెట్టి, తాబేలు చచ్చి ఉబ్బి ఉంది. నోట్లోంచి చీమలు బారులు కట్టాయి. డిప్ప మీద అత్త పెట్టిన బొట్టు ఇంకా చెరగలేదు. ఇంకోటి తారురోడ్డు పక్క కాలవలో దొరికింది. మరోటి బడి ఆవరణలో జెండా కర్ర చుట్టూ తిరిగి తిరిగి ఇసుకలో గాడి చేసి, ఆ గాడిలోనే ప్రాణం వదిలింది. అన్నిటికీ డిప్ప అంచున కేంద్రం వాళ్ళ బిళ్ళ ఉంది. అన్నీ దారిబొమ్మ తీసినవే. బతికున్నవాటిని నేనూ అత్తా మోకాలి లోతు నీళ్ళదాకా మోసుకెళ్ళి వదిలాం. అవి గుండ్రంగా ఈది మళ్ళీ మా కాళ్ళ దగ్గరికే వచ్చేవి.

కేంద్రానికి పోయి చెప్పాను. పరాంకుశం కాఫీ తాగుతున్నాడు. "రేణువులు కదిలిపోతున్నాయన్నమాట," అన్నాడు, పాలు విరిగిపోయాయన్నమాట అన్నట్టు.

"మీకు ముందే తెలుసా సార్?"

"అనుమానం ఉండేది. చూడు తవితా, తాబేలు ఎలాగూ ఏదో ఒక వలలో పడి చచ్చేదే. అది చస్తే దాని దారి కూడా దాంతోపాటే కుళ్ళిపోతుంది. ఇప్పుడు గాజులో భద్రంగా ఉంది. ఏది మేలంటావు?"

ఆ కాఫీ లాక్కుని ఆ తెల్ల చొక్కా మీద ఒలకబోసినా బాగుండేది. దానికి బదులు చేతులు కట్టుకుని "ఇంక తాబేళ్ళని తియ్యకండి సార్" అన్నాను. ఆయన ఏ వాదనా పెట్టుకోకుండా "సరే, తాబేళ్ళని తియ్యను" అన్నాడు. నేనెంత వెర్రిదాన్నంటే, థాంక్స్ చెప్పి వచ్చాను.

నా మొగుడు పోలయ్య సంగతి చెప్పాలి. మా ఊరి మగాళ్ళలో చాలామంది వానాకాలంలో గుజరాత్ వెళ్ళి, వేరావల్‌లో పడవలెక్కి, ఎండలు ముదిరేసరికి తిరిగొస్తారు. మా రేవులో ఒక పద్ధతి ఉంది. గుజరాత్ నుంచి వచ్చిన మనిషి తిన్నగా ఇంట్లోకి రాడు. గడప బయట నిలబడతాడు. పెళ్ళాం కాళ్ళమీద పసుపునీళ్ళు పోసి "రా" అన్నాకే లోపలికి అడుగు పెడతాడు. అన్నాళ్ళు పరాయి నీళ్ళమీద తిరిగినవాడి వెంట ఏమేం వచ్చాయో, అవన్నీ గడప బయటే ఆగిపోవాలని మా పెద్దవాళ్ళ నమ్మకం.

ఆ ఏడు పోలయ్య ఉగాదికి ముందే వచ్చేశాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే, లోపల గోడకి తగిలించిన తాబేళ్ళ ఫోటోలని బయటినుంచే చూసి మూతి ముడిచాడు.

"తాబేళ్ళకి ఎన్ని ఫోటోలు తీసినావే. కట్టుకున్నోడికి ఒక్కటైనా తీసినావేటి?"

"తాబేలు కుదురుగా ఉంటాది మావా. నువ్వు కెమెరా సూస్తే పెళ్ళికొడుకులాగ బిగుసుకుపోతావు."

"డిప్ప నేకపోతే మనిషి కాడేటి మరి?" అని నవ్వుతూ లోపలికి వచ్చాడు. వచ్చీ రాగానే పిల్లిని అదిలించి, దూలం సందులో చెయ్యి పెట్టి తను దాచుకున్న చుట్ట తీసి, నా దిండు లాక్కుని కాళ్ళు బారజాపాడు. ఆ ఇల్లు తనదని చెప్పడానికి అతనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దారిబొమ్మల ప్రదర్శన పెడుతున్నామనీ, అచ్చులు దగ్గరుండి వేయించాలనీ పరాంకుశం నన్ను విశాఖపట్నం పంపాడు. తిరిగి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పోలయ్య గడప బయట ఎండలో నిలబడి ఉన్నాడు.

"ఏటి మావా, దొరగారికి మళ్ళీ పసుపునీళ్ళు కావాలేటి?" అన్నాను.

పలకలేదు. వదిలేసి పట్నం పోయానని అలిగాడనుకున్నాను. నవ్వుకుంటూ చెంబు తెచ్చి, నీళ్ళు పోసి "రా" అన్నాను. వచ్చాడు. మర్నాడూ బయటికి పోయి వచ్చి అలాగే నిలబడ్డాడు. ఆ మర్నాడూ అంతే. "మీ ఆయనకి నీ సేతి నీళ్ళ మోజు తీరనేదే" అని వీధిలో ఆడవాళ్ళు మేలమాడారు. నేను సిగ్గుపడ్డాను, కాస్త మురిశాను కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే రోత పుడుతుంది.

ముందు పసిగట్టింది మా అత్తే. "ఒలే తవిటీ, ఆడు మంచినీళ్ళు అడిగి తాగతన్నాడే. సొక్కా ఎక్కడ పెట్టమంటావని నన్నడిగినాడు. సుట్టాల ఇంటికొచ్చినోడిలాగున్నాడు నా కొడుకు," అంది. అప్పుడు చూశాను. చాప అంచున పడుకుంటున్నాడు. పిల్లి ఒళ్ళోకి ఎక్కితే, ఎవరి పిల్లో అన్నట్టు మా మొహాలు చూస్తున్నాడు.

ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను. "మావా, మనిల్లు ఎక్కడ?"

"నువ్వు నా పెళ్ళానివి, తెలుసు. ఆవిడ మాయమ్మ. ఇది మీరుండే ఇల్లు, అదీ తెలుసు. గాని మనిల్లంటే లోపల ఎక్కడా తగల్తా నేదే. పన్నూడిపోనాక నాలికెట్టి తడుముకుంటాం సూడు, అలగుంది."

"నేను పట్నం పోయినప్పుడు నువ్వెక్కడికెల్లినావు?"

"ఎక్కడికీ నేదు. డాక్టరుగారు పిలిసినారు. నీ పెళ్ళాం తియ్యనేదు గదా, నేను తీస్తాను నీ ఫోటో అన్నారు. దానికి సెప్పకు, సూసి మురిసిపోతాది అన్నారు."

ఆ ఫోటో ఏ గొడుగు కింద తీశాడో తెలిసిపోయింది. ఇంకా ఏదో సర్దిచెప్పుకుందామని పోలయ్య తోడల్లుడి పడవలో పంపి చూశాను. ఒడ్డు కళ్ళముందే కనబడుతున్నా చుక్కాని లోతుల్లోకి తిప్పాడట. వాళ్ళు చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చి, "ఈడినింక పడవెక్కించొద్దు తవిటీ, పోతాడు" అని చెప్పి తలలు వంచుకుని వెళ్ళారు. పడవ లేని పోలయ్యని, గడప లేని పోలయ్యని ఏం చేసుకోను? నాకు నా మొగుడి ఇల్లు నా మొగుడికి తిరిగి కావాలి. ఆ ఒక్క మాటే తలలో పెట్టుకుని కేంద్రానికి నడిచాను.

గోడకి పోలయ్య వేలాడుతున్నాడు. తాబేలు దారులు నీలం, పోలయ్యవి బంగారు రంగు. ఈ చివరి నుంచి ఆ చివరికి వేరావల్ రైలు దారి. వాళ్ళ నాన్నతో మొదటిసారి తెప్ప ఎక్కి వెళ్ళి వచ్చిన చిన్న వంపు. ఊరి అవతలి వీధి చుట్టూ ఒకదానిమీద ఒకటి పడి చిక్కబడిన గీతలు. అది నా పుట్టిల్లున్న వీధి. పెళ్ళికి ముందు నాకోసం అక్కడ ఎన్నిసార్లు తిరిగాడో ఆ గోడ చెబితే తెలిసింది నాకు. దారులన్నీ వచ్చి మా గడప దగ్గర ముడిపడ్డాయి. నా కాపురమంతా అద్దం కట్టి, దీపం పెట్టి, వచ్చేపోయేవాళ్ళకి చూపిస్తున్నారు.

"మనిషి దారిబొమ్మ, మొట్టమొదటిది," అన్నాడు పరాంకుశం వెనకనుంచి. "వసంతం రాగానే తిరిగొస్తారు కదా మీవాళ్ళు కూడా. వలస జీవాల ప్రదర్శనలో అదొక్కటే లోటుగా ఉండేది."

"తియ్యనని మాటిచ్చారు."

"తాబేళ్ళని. మాట తప్పలేదు నేను."

"వెనక్కి పెట్టండి."

"పెట్టొచ్చు. గొడుగుని తిరగేసి నడిపితే పలక మీదున్నది మళ్ళీ బుర్రలోకి పోతుంది. కాకపోతే పలక ఖాళీ అయిపోతుంది తవితా. అది చాలా నష్టం."

"మా రేవు మగాళ్ళందరూ ఊళ్ళోనే ఉన్నారు సార్ ఇప్పుడు," అన్నాను. "వాళ్ళకి ఇంకా చెప్పలేదు."

ఆయన కిటికీ అద్దాల వంక ఒకసారి చూసుకున్నాడు. "రేపు పొద్దున్న తీసుకురా," అన్నాడు.

పొద్దున్నే పోలయ్యకి తలంటి, ఉతికిన చొక్కా తొడిగి తీసుకెళ్ళాను. గొడుగు దించారు. తుమ్మెద రొద మొదలైంది. రొద సాగుతున్నకొద్దీ పోలయ్య మొహంలోకి రంగు వచ్చింది. పలకని బట్టతో కప్పి ఉంచారెందుకని నాకప్పుడు తోచలేదు. గొడుగు తీయగానే కళ్ళు తెరిచి, నా చెయ్యి పట్టుకుని, "తగిలిందే తవిటీ" అన్నాడు. నేను అక్కడే భోరుమన్నాను.

ఎవరినీ అడక్కుండా తనంతట తనే లేచి బయటికి నడిచాడు. అన్నాళ్ళకి మొదటిసారి. "ఎక్కడికి మావా?" అంటే "ఇంటికి" అన్నాడు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెనకాలే పరిగెత్తాను. మా వీధి మలుపు వచ్చింది. మలుపు తిరగలేదు. ముందు సముద్రం చూడాలనుంది కాబోలు అనుకున్నాను. ఇసుక దాటాడు. తడి ఇసుక దాటాడు. ఉతికిన చొక్కాతోనే నీళ్ళలోకి దిగి, నడుములోతు వచ్చాక ఈత మొదలెట్టాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

నేను నడుములోతు నీళ్ళలో నిలబడి అరుస్తున్నాను. ఒడ్డునున్న కెమెరాల వాళ్ళు తాబేళ్ళని వదిలేసి ఇటు తిరిగారు. ఒక్కడు నీళ్ళలోకి దిగలేదు. "వెలుతురు బాగుంది, తియ్యి" అని ఎవడో ఇంకొకడికి చెప్పడం నా చెవులారా విన్నాను. పోలయ్య తోడల్లుడు వాళ్ళు పడవ తోసుకుని పోయి, జుట్టు పట్టుకుని పైకి లాగారు. పడవలో కూడా కొట్టుకుంటూనే ఉన్నాడట, ఇంటికి పోతుంటే ఆపుతారేంటని.

తడిబట్టలతోనే పరాంకుశం ముందు నిలబడ్డాను. "ఏ పలక పెట్టారు?"

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోలయ్యది ఇక్కడ లేదు. అది అమ్ముడైపోయింది. గోడమీదున్నది అచ్చు మాత్రమే. కొన్నాయన దాన్ని నాలుగు గదుల్లో పెట్టుకోవడానికి వీలుగా నాలుగు ముక్కలు కోయించుకున్నాడు."

"కోయించుకున్నాడా?"

"వాళ్ళిష్టం కదా. కోసిన చోట కొంత పొడి రాలిపోతుంది. ఇక దాన్ని అతికించినా లాభం లేదు."

మైసూర్‌పాక్ కోసినట్టు కోశారు నా పోలయ్యని. "మరి ఇవాళ పెట్టిందేంటి?"

"గుడ్లు పెట్టేసి సముద్రంవైపు తిరిగిన తాబేలుది. బుర్ర ఖాళీగా ఉండేకంటే ఏదో ఒకటి ఉండటం మంచిది కదా. దారి దారే తవితా. ఎంత ఆనందంగా లేచాడో నువ్వే చూశావు." కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు, మంచి మాట చెబుతున్నవాడిలా. "ఒకటి ఆలోచించు. ఆయన్ని నీళ్ళ దగ్గర మామూలు కెమెరాతో తీద్దాం. నువ్వే తియ్యి. నీ దగ్గరైతే ఆయన బెదరడు."

మొహాన ఉమ్మేశాను. సగం తెల్ల చొక్కా మీద పడింది. ఆయనకి కోపం రాలేదు. రుమాలుతో తుడుచుకుని, ఆ రుమాలుని రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కోవడానికి లేచాడు. అప్పటిదాకా నాకు కోపం ఉండేది. ఆ చేతులు కడుక్కోవడం చూశాక అసహ్యం ఒక్కటే మిగిలింది. మా మగాళ్ళు వెళ్ళేసరికి కేంద్రానికి తాళం వేసి ఉంది. గొడుగూ లేదు, పలకలూ లేవు. వేరే ఏదో తీరంలో వేరే ఏదో జంతువు తలమీదకి దాన్ని దించుతూ ఉంటారు. ప్రదర్శనకి బహుమతి కూడా వచ్చిందని విన్నాను. మా గడప ఉన్న ముక్క ఎవరి భోజనాల గదిలో ఉందో, ఎవరు ఎంగిలి చేత్తో దాన్ని చూపిస్తూ బాగుందని తల ఊపుతున్నారో నాకు తెలియదు.

మిగిలిన కాలాల్లో పోలయ్య కాస్త నెమ్మదిగానే ఉంటాడు. వసంతం వస్తే నిలవడు. మా అత్త చీపురు పట్టుకుని వీధి మొదట్లో కాపలా కూర్చుంటుంది, కెమెరాల వాళ్ళు అతన్ని చూడటానికి కూడా వస్తున్నారు కాబట్టి. నేను కెమెరా ముట్టుకోవడం మానేశాను. దాని తోలు వాసన తగిలినా లేచి అవతలికి పోతాను. ఎండుచేపలు అమ్ముతున్నాను. వాటి కంపు నయం.

ఈ పొద్దున్న అరుగుమీదికి రాగిజావ పట్టుకెళ్ళాను. రెండు చేతులతో అందుకున్నాడు, పరాయి ఇంట్లో తీసుకున్నట్టు.

"మీ ఇంట్లో నన్ను బాగా సూసినారు తవిటీ," అన్నాడు. "సొంతోళ్ళు కూడా ఇలగ సూడరు. గాని ఎన్నాళ్ళని ఉంటాను సెప్పు? మా ఇంటికాడ నాకోసం సూస్తంటారు."

"ఎవులు సూస్తంటారు మావా?"

"తెల్దు. గాని సూస్తంటారు." జావ ఊదుకుంటూ నావైపు తిరిగాడు. మొహంలో ఏ కల్మషమూ లేదు. పెళ్ళికి ముందు మా వీధి మలుపులో నిలబడి నన్ను చూసి నవ్వేవాడే, ఆ నవ్వే. "నువ్వు కూడా రాయే. మా ఇల్లు సూద్దువుగాని. దూరం నేదు."

అని చెయ్యి చాపి అలల అవతలికి చూపించాడు.

వస్తానన్నాను. జావ తాగేదాకా పక్కనే కూర్చుని, అతని నడుముకి కట్టిన తాడు ముడి ఇంకోసారి బిగించాను.